ప్రమాణము లేని సంఖ్య

మన కార్యాలయముల బీరువాలలోను, గృహములలోని పెట్టెలలోను పాత ఫ్లాపీలు, సీడీలు, హార్డుడిస్కులు ఇప్పటికిని పడియున్నవి. వానియందు లెక్కలు, ఉత్తరములు, ఛాయాచిత్రములు కలవు. అవి శాశ్వతములు కావు. ఫ్లాపీల అయస్కాంతపు పూత చెడును; హార్డుడిస్కులలో తిరుగు భాగములు అరిగిపోవును. కావున వానిలోని విషయమును క్రొత్త సాధనములలోనికి త్వరగా మార్చుకొనుట వివేకము. ఈ పనికి పూనుకొనువారు ముందుగా తెలిసికొనవలసినది, దానికెంత కాలము పట్టునో. అందులకు ఆ యంత్రము సెకనుకు ఎంత సమాచారమును పంపగలదో లెక్కింపవలెను. ఇచ్చటనే పెక్కుమంది పొరపడుచున్నారు. గుణకార భాగహారములు రాక కాదు, సంఖ్య వెంటనున్న ప్రమాణమును శ్రద్ధగా చదువక.

బిట్టనగా సున్నయో ఒకటియో తెలుపునట్టి అత్యల్పాంశము. ఎనిమిది బిట్లు కూడిన నొక బైటు. తీగలపై సమాచారము సాగిపోవు వేగమును బిట్లలో చెప్పుటయు, ఫైలు పరిమాణమును బైట్లలో చెప్పుటయు వాడుకయైనది. ఇంగ్లీషువారు బిట్టునకు చిన్న బీని, బైటునకు పెద్ద బీని గుర్తుగా వ్రాయుదురు. మన లిపిలో చిన్న యక్షరములు, పెద్ద యక్షరములు అను భేదమే లేదు. కనుక తెలుగున "ఎం.బి." అని వ్రాసినచో ఎనిమిదింతల భేదము కంటికి కానరాకుండ పోవును. నా యభిప్రాయ మిది: తెలుగున వ్రాయువారెవరును ఈ పొట్టిగుర్తును వాడరాదు, మెగాబిట్టో, మెగాబైటో పూర్తిగా వ్రాయవలెను. నాలుగక్షరములు పెరిగినంత మాత్రమున నష్టము లేదు.

నష్టమెట్లు కలుగునో చూడుడు. 1998లో వెలువడిన యూఎస్‌బీ 1.1 పద్ధతి యొక్క గరిష్ఠ వేగము సెకనుకు 12 మెగాబిట్లు. 40 గిగాబైట్లు, అనగా నాలుగువేల కోట్ల బైట్లు, నిండిన పాత డిస్కును దాని ద్వారా ఖాళీ చేయవలసియున్న దనుకొనుడు. ఆ పండ్రెండును మెగాబైట్లని చదివినవాడు గంట లోపల పని ముగియునని తలచును. నిజముగా 12ను 8చే భాగింపగా సెకనుకు 15 లక్షల బైట్లే వచ్చును. ఆ లెక్కన 7 గంటల 24 నిమిషములు పట్టును. మార్గమధ్యమున యంత్రములు తమలో తాము చెప్పుకొను సంకేతములకును కొంత వేగము ఖర్చగును గాన, పని ఇంకను ఆలస్యమగును. గంటలో ముగియునని నమ్మినవాడు, యంత్రము నిలిచిపోయినదని భ్రమించి నడుమనే తీగ లాగివేసినచో, శిథిలమైన డిస్కు రెండవమారు పలుకకపోవచ్చును.

అట్లని సర్వత్ర ఎనిమిదిచే భాగించుటయు సరికాదు. 2003లో వచ్చిన మొదటి సాటా పద్ధతి వేగము సెకనుకు 1.5 గిగాబిట్లు. అందు ప్రతి ఎనిమిది బిట్ల సమాచారమును పది బిట్లుగా మార్చి పంపుదురు. కావున పదిచే భాగింపవలెను. వచ్చునది 150 మెగాబైట్లు. ఎనిమిదిచే భాగించినవానికి 187.5 వచ్చును. ఆ వేగము ఆ తీగ యెన్నడును ఇయ్యజాలదు.

"రెట్లు" అను మాటయు నిట్టిదే. సీడీకి ఒక రెట్టనగా సెకనుకు 75 ఖండములు. ఖండమునకు 2,048 బైట్ల చొప్పున 1,53,600 బైట్లు. డీవీడీకి ఒక రెట్టనగా సుమారు 13,85,000 బైట్లు. కావున 16 రెట్ల డీవీడీ యంత్రము 52 రెట్ల సీడీ యంత్రమునకంటె రెండున్నర రెట్లకు పైగా వేగవంతము. పైగా ఆ 52 అను వేగము సీడీ వెలుపలి యంచున చదువునప్పుడే లభించును. లోపలి భాగమున దానికంటె చాల తక్కువ.

ఇక ఫ్లాపీపై అచ్చువేసిన 1.44 మెగాబైట్ల మాట. దానిలో నిజముగా పట్టునవి 14,74,560 బైట్లు. మెగా యనగా పది లక్షలైన 1.47 కావలెను, 1,024ను 1,024చే గుణించిన దైన 1.41 కావలెను. ఒకమారు వేయిని, ఒకమారు 1,024ను వాడినందున 1.44 పుట్టినది! ఈ గందరగోళమును తీర్చుటకే 1998లో అంతర్జాతీయ విద్యుత్సాంకేతిక సంఘము 1,024 లెక్కకు కిబి, మెబి అను వేరు పేర్లు పెట్టినది. అవి ఇంకను అందరి వాడుకలోనికి రాలేదు.

మన దేశమున పూర్వము సేరు అను పేరొకటియే యైనను, దాని తూకము ప్రాంతమును బట్టి మారుచుండెడిది. 1956 నాటి తూనికలు కొలతల చట్టము మెట్రిక్ పద్ధతికి పునాది వేసినది. పేరొకటి, కొలత యొకటి యైనచో ఎవరికి నష్టమో మన పెద్దలెరుగుదురు. బైట్ల విషయమునను ఆ జాగ్రత్తయే వలయును.

"ఈ మార్పులను కంప్యూటరే క్షణములో చేయును గదా, మేమేల నేర్వవలె?" నని కొందరు విద్యార్థులడుగుదురు. కంప్యూటరు అడిగినదానికి జవాబు చెప్పును; అడిగినది తప్పని చెప్పదు. బిట్లను బైట్లని దానికిచ్చిన, తప్పుడు జవాబును దశాంశములతో సహా చక్కగా అందించును.

కావున ఉపాధ్యాయులకు నా మనవి: ప్రమాణము వ్రాయని జవాబునకు పూర్తి మార్కు లియ్యకుడు. తల్లిదండ్రులకు మనవి: పాత డిస్కులోని చిత్రములను ఎవరికైన నప్పగించునపుడు, ఎంతసేపు పట్టునో, ఏ లెక్కన చెప్పుచున్నారో అడుగుడు. విద్యార్థులారా, సంఖ్యను చూడగానే "ఏమి? ఎంతకు?" అని ప్రశ్నింపుడు. బిట్లా, బైట్లా, వేయియా, 1,024ఆ, సెకనుకా, నిమిషమునకా. ఈ మూడును తెలిసినపిదపనే కలము పట్టుడు.