మరచిపోవడానికి మందుందా, డాక్టరుగారూ?

ఈ ప్రశ్నను నా వృత్తిజీవితంలో ఎన్నోసార్లు విన్నాను. పోయిన వారం మా అమ్మాయి బలవంతం మీద చూసిన ఒక అమెరికన్ చిత్రంలో ఆ మందు దొరుకుతుంది. పేరు ‘ఎటర్నల్ సన్‌షైన్ ఆఫ్ ది స్పాట్‌లెస్ మైండ్’. 2004లో వచ్చింది. దర్శకుడు మిషెల్ గోండ్రీ.

ప్రేమించి విడిపోయిన క్లెమెంటైన్ ఒక వైద్యుని ఆశ్రయించి, జోయెల్ జ్ఞాపకాలన్నిటినీ చెరిపించుకుంటుంది. అది తెలిసి అతడూ అక్కడికే వెళతాడు. రాత్రి అతడు నిద్రిస్తుండగా జ్ఞాపకాలు కొత్తవాటి నుండి పాతవాటి వైపు ఒక్కొక్కటిగా చెరిగిపోతుంటాయి. పుస్తకాల అట్టలు తెల్లబారుతాయి, మనుషుల ముఖాలు మాసిపోతాయి, సముద్రతీరాన ఇల్లు కూలిపోతుంది. తొలినాటి మధురక్షణాలు వచ్చేసరికి అతని మనసు మారుతుంది, కాని మేలుకోలేడు. ఆమెను తన బాల్యస్మృతులలో, వంటింటి బల్ల క్రింద దాచడానికి ప్రయత్నిస్తాడు. మొదటి అరగంట నాకేమీ బోధపడలేదని ఒప్పుకుంటున్నాను. ఓపిక పట్టి చూడండి.

నన్ను ఎక్కువగా కలచివేసింది మాత్రం ఆ వైద్యుని వద్ద పనిచేసే మేరీ అనే యువతి కథ. ఆమె వైద్యునిపై మనసు పడుతుంది. ఇదివరకే అతనిని ప్రేమించి, ఆ జ్ఞాపకాన్ని చెరిపించుకున్నదని తరువాత తెలుస్తుంది. జ్ఞాపకం పోయింది, ఇష్టం పోలేదు.

ఇది పూర్తిగా కల్పన కాదు. 1911లో ప్రచురించిన ఒక ప్రయోగంలో క్లాపరేడ్ అనే స్విస్ వైద్యుడు, కొత్త సంఘటనలేవీ గుర్తుంచుకోలేని ఒక రోగి చేతిని, వేళ్ల మధ్య దాచుకొన్న గుండుసూదితో గుచ్చాడు. తరువాత ఆమెకు ఆ సంగతి గుర్తు లేదు, అయినా చేయి ఇవ్వడానికి నిరాకరించింది. (నేడు ఏ నైతిక సంఘమూ ఇటువంటి ప్రయోగాన్ని అనుమతించదు!) సంఘటనల జ్ఞాపకానికి హిప్పోక్యాంపస్, భయోద్వేగాల జ్ఞాపకానికి అమిగ్డలా ముఖ్యమైనవి. ఒకటి దెబ్బతిన్నా రెండవది తన పని తాను చేయగలదు.

ఘోర ప్రమాదాలకు, అత్యాచారాలకు గురై, ఆ దృశ్యాలు వెంటాడుతున్నవారికి నేడు మంచి చికిత్స ఉన్నది. అందులో జ్ఞాపకాన్ని చెరపరు. నిపుణుని సహాయంతో దానిని సురక్షితంగా మళ్లీ తలచుకొనేటట్లు చేస్తారు. సంకోచించక వెళ్లండి.

చాలా ఏళ్ల క్రితం, చేతికందిన కుమారుని పోగొట్టుకున్న ఒక తల్లి ఇదే ప్రశ్న అడిగింది. బయట రోగులు బారులు తీరి ఉన్నారు. నిద్రమాత్రలు వ్రాసి పంపివేశాను. నెల తరువాత వచ్చి, “నిద్ర పడుతోంది బాబూ, కాని వాడు కలలోకి కూడా రావడం లేదు. ఇవి నాకొద్దు” అన్నది. ఒక్కసారిగా మానకూడదు కనుక మోతాదు క్రమంగా తగ్గించాను. ఆనాడు మాత్రం కలం ప్రక్కన పెట్టి, పిల్లవాని పేరేమిటని అడిగాను. దాదాపు గంటసేపు చెప్పింది.