క్లాసు మారాలా? కుక్కని చూసి నేర్చుకోండి!

ట్రైనింగ్ క్లాసులో చేరడం తేలిక. మధ్యలో మానేసి ఇంకోచోట చేరడమే కష్టం. ఫీజు కట్టేశాం, సార్‌కి పేరుంది, పక్కవాళ్లంతా వస్తూనే ఉన్నారు, మనమే సరిగ్గా చేయట్లేదేమో.. ఇలా అనుకుంటూనే నెలలు గడిచిపోతాయి. కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే విద్యార్థులకే కాదు, కుక్కను శిక్షణకు తీసుకెళ్లేవాళ్లకూ ఇదే తంటా. కెరియర్ పేజీలో కుక్కల గోలేంటి అనుకోకండి. ఎప్పుడు మారాలో, ఎలా మారాలో అక్కడ చాలా స్పష్టంగా కనిపిస్తుంది. ఎందుకంటే కుక్కకి మొహమాటం ఉండదు. అర్థం కాకపోయినా అయినట్టు తలూపడం దానికి చేతకాదు.

అసలు విద్యార్థి ఎవరు?

కుక్కల క్లాసులో ముఖ్యంగా నేర్చుకోవాల్సింది యజమానే. వారానికి ఒక గంట ట్రైనర్ దగ్గర ఉంటే, మిగతా 167 గంటలు కుక్క మనతోనే ఉంటుంది. మొయినాబాద్‌లోని ఇంటిగ్రేటెడ్ ఇంటెలిజెన్స్ ట్రైనింగ్ అకాడమీలో పోలీసు జాగిలాలతో పాటు వాటి హ్యాండ్లర్లకూ శిక్షణ ఇచ్చేది అందుకే. రేపు డ్యూటీలో దాన్ని నడిపించాల్సింది వాళ్లే కదా! కాబట్టి ట్రైనర్ చెబితే కూర్చుని, మీరు చెబితే మొహం తిప్పుకుంటోందంటే క్లాసు సగం పనే చేసినట్టు.

మా ఇంట్లో ఉన్నది ఊరకుక్కే, పేరు చిట్టి. మొదటి క్లాసులో ట్రైనర్ 'సిట్' అంటే టక్కున కూర్చునేది. మా గేటు దగ్గర మాత్రం ఆ మాటే విననట్టు ఉండేది. అడిగితే ఆయన చెప్పింది ఒకటే: 'ఇది మొండిది. గొలుసు గట్టిగా లాగండి. బాస్ ఎవరో దానికి తెలియాలి.' కొన్ని వారాలకు క్లాసు వీధి మలుపు రాగానే చిట్టి తోక కాళ్ల మధ్య పెట్టుకోవడం మొదలెట్టింది. చికెన్ ముక్క ఇచ్చినా ముట్టుకునేది కాదు. తిండిప్రియురాలైన కుక్క తిండి వద్దంటే, అది మొండితనం కాదు, భయం. ఆ నెలాఖరుకి క్లాసు మార్చేశాం.

సార్ సిలబస్ ఏ కాలంది?

ఈ 'బాస్' సిద్ధాంతానికి ఒక కథ ఉంది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే పరిశోధకుడు బంధించి ఉంచిన తోడేళ్లను గమనించి, అవి పెత్తనం కోసం కొట్లాడుకుంటాయని రాశారు. 1970లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మీచ్ రాసిన పుస్తకంతో 'ఆల్ఫా' మాట జనంలోకి బాగా వెళ్లింది. తర్వాత ఆయనే కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్లను ఏళ్ల తరబడి చూశారు. సాధారణంగా గుంపు అంటే అమ్మా నాన్నా పిల్లలే అని తేలింది. ఆ తల్లిదండ్రుల్ని 'ఆల్ఫా' అనడం సరికాదని 1999లో ఆయనే పరిశోధన పత్రంలో రాశారు. కుక్కల్ని భయపెట్టకుండా, సరిగ్గా చేసినప్పుడు బహుమతి ఇచ్చి నేర్పాలని అమెరికన్ వెటర్నరీ సొసైటీ ఆఫ్ యానిమల్ బిహేవియర్ 2021లో స్పష్టంగా ప్రకటించింది. ఆ మాటను జనంలోకి తీసుకెళ్లిన మనిషే దిద్దుకున్నాక కూడా ఒక ట్రైనర్ దాన్నే పట్టుకుని వేలాడుతున్నారంటే, ఆయన అనుభవం ఎన్నేళ్లదైనా అనుమానించాల్సిందే.

మారే ముందు..

నచ్చకపోతే వెంటనే మానేయమని కాదు. భయం, దెబ్బలు ఉంటే ఒక్కరోజు కూడా ఆగక్కర్లేదు. అవి లేకుండా కేవలం ఫలితం రావట్లేదంటే, ముందు మన వైపు చూసుకోవాలి. రోజుకు రెండు మూడుసార్లు, ఐదేసి నిమిషాలు సాధన చేయించామా? ఇంట్లో అందరం ఒకే మాట వాడుతున్నామా? నాన్న 'కూర్చో' అని, చెల్లి 'సిట్' అని, అమ్మ 'కూకో' అంటే దానికేం అర్థమవుతుంది? సరిగ్గా చేసిన క్షణంలోనే బిస్కెట్ ఇస్తున్నామా? హాల్లోనే కాక మేడ మీద, వీధిలో కూడా చేయించామా? హాల్లో నేర్చుకున్న 'సిట్' వీధిలో కుక్కకి కొత్త పాఠమే. ఇవన్నీ రెండు మూడు వారాలు చేశాక కూడా అడుగు ముందుకు పడకపోతే లోపం క్లాసులో ఉన్నట్టే.

కొత్తచోట చేరే ముందు కుక్కను తీసుకెళ్లకుండా ఒక క్లాసు చూసి రండి. కుక్క తప్పు చేసినప్పుడు ట్రైనర్ ఏం చేస్తున్నారో గమనించండి. చూడనివ్వం అంటే అదే జవాబు.

చేరాక పాతదంతా చెరిపేయక్కర్లేదు. కొత్త ట్రైనర్ వేరే మాట వాడితే ముందు కొత్త మాట చెప్పాలి, ఒక క్షణం ఆగి పాత మాట చెప్పాలి. కొన్నాళ్లకు కొత్త మాటకే కుక్క కూర్చుంటుంది. మాటల క్రమం తిరగేస్తే మాత్రం ఇది పనిచేయదు. పాత మాట వింటేనే భయపడుతుంటే దాన్ని వదిలేసి కొత్త మాటతో మొదట్నుంచి మొదలెట్టాలి. చిట్టికి 'సిట్' మానేసి 'కూర్చో' నేర్పించింది అందుకే. మొదటి వారాల్లో వెనక్కి వెళ్తున్నట్టు కనిపించింది. కొత్త ట్రైనర్ ముందే చెప్పడంతో కంగారు పడలేదు.

ఇక మీ క్లాసు సంగతి

అమీర్‌పేటలో జావా నేర్చుకుంటున్నా, ఊళ్లో బ్యాంకు పరీక్షలకు కోచింగ్ తీసుకుంటున్నా ఈ లెక్కే. సార్ బోర్డు మీద చేస్తుంటే అంతా అర్థమైనట్టే ఉంటుంది. గదికొచ్చి ఖాళీ స్క్రీన్ ముందు కూర్చుంటే ఒక్క లైను రాకపోతే, అది హాల్లో నేర్చుకున్న 'సిట్' మాత్రమే. ఇంటర్వ్యూ అంటే వీధి. డౌట్ అడగాలంటేనే భయమేస్తోందా? అది చికెన్ ముక్క ముట్టని చిట్టి పరిస్థితి. సిలబస్ కంపెనీలు ఇప్పుడు అడుగుతున్నదేనా, పాత నోట్సే తిరగేస్తున్నారా? అక్కడ ఉద్యోగాల ప్రకటనలు నాలుగు తీసి పక్కన పెట్టి చూస్తే తెలిసిపోతుంది.

కట్టిన ఫీజు ఉన్నా రాదు, మానేసినా రాదు. ఆ డబ్బును లెక్కలోంచి తీసేయండి. మిగిలిన నెలలు మాత్రం ఇంకా మీ చేతిలోనే ఉన్నాయి. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు మీరు తేల్చుకునేదాకా ఆగవు. అలాగని ఫ్రెండ్ మారాడని మారడం, మూడు నెలల్లో మూడు సెంటర్లు చుట్టడం కూడా వద్దు. పాత నోట్సు పారేయకండి, కొత్త పాఠాన్ని దానికి జోడించుకోండి.

ఈ ఆదివారం ఒక పరీక్ష పెట్టుకోండి. గత నెలలో క్లాసులో చెప్పిన మూడు అంశాలు తీసుకుని, నోట్సు చూడకుండా, సార్ సాయం లేకుండా చేయండి. సాధన చేసి కూడా మూడింట్లో ఒక్కటీ రాకపోతే, సోమవారం ఇంకో సెంటర్‌లో డెమో క్లాసుకి వెళ్లి కూర్చోండి.