క్రిస్మస్ చెట్టు మీద కవరు

పండుగంటే ముందు పిండివంటలు గుర్తుకొస్తాయని చాలామంది అంటారు గాని, నాకు మాత్రం రైలే గుర్తుకొస్తుంది. సంక్రాంతికి రెండు రోజుల ముందు సికిందరాబాదు స్టేషనుకు ఎప్పుడైనా వెళ్ళి చూశారా? పెట్టే బేడా, పిల్లా జెల్లా, సీటు కోసం కిటికీలోంచి లోపలికి విసిరే తువ్వాళ్ళు! వూరు చేరితే చాలు, ఒంటికాలి మీద నిలబడి వెళ్ళినా ఫరవాలేదనుకునే జనం. వీళ్ళందరికీ టిక్కెట్లిచ్చే గుమాస్తా సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. పదిమందీ పండుగకు వెళ్ళాలంటే ఆ ఒక్కడూ వెళ్ళకూడదు గదా!

యీ వారం అలాంటి గుమాస్తా ఒకరి ముచ్చట చెబుతాను. రైలు కాదు, విమానాల కంపెనీ. వూరు న్యూయార్కు. పండుగ క్రిస్మస్. సంవత్సరం 1956. గుమాస్తాగారు ఆడమనిషి, వయస్సు ముప్ఫై, పెళ్ళి కాలేదు. పేరు నెల్ హార్పర్ లీ. అమ్మమ్మగారి పేరు ఎలెన్. ఆ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో వెనకనుంచి ముందుకు చదివితే నెల్ అవుతుంది. మనలాగే వాళ్ళకీ పెద్దల పేరు పెట్టుకోవాలన్న ముచ్చట వుంటుంది. కాని తిరగేసి పెట్టుకోవటం మాత్రం నేనింకెక్కడా వినలేదు.

ఆవిడ పుట్టిల్లు అమెరికాలో దక్షిణాన అలబామా రాష్ట్రం, మన్రోవిల్ అనే చిన్న వూరు. తండ్రి అమాసా కోల్‌మన్ లీ ప్లీడరు. కొంతకాలం రాష్ట్ర శాసనసభలో సభ్యుడుగా కూడా పనిచేశారు. పెద్దక్కగారు ఆలిస్ కూడా ప్లీడరే. కడగొట్టు పిల్ల కూడా లా చదివి, బోర్డు మీద మూడో పేరుగా చేరుతుందని తండ్రిగారి ఆశ. ఈ పిల్ల లా కాలేజీలో చేరింది, చదివింది, తీరా పట్టా చేతికొచ్చే ముందు చదువు మానేసింది. కథలు రాస్తానని 1949లో న్యూయార్కు బండి ఎక్కింది. ఆ ఇంట్లో ఆ రాత్రి ఏ మాటలు జరిగి వుంటాయో మనం వూహించుకోగలం. మన ఇళ్ళలోనూ జరుగుతూనే వున్నాయి. “రాస్తావుట గదమ్మా, దానికి నెలకెంత ఇస్తారేమిటి?” అని పండక్కి వచ్చిన ప్రతి పెద్దమనిషీ అడుగుతాడు. నెలకు ఇంత అని చెప్పలేని పని పని కాదని మన లెక్క. ఆ లెక్క పూర్తిగా తప్పని కూడా నేననను. కడుపు సంగతి కడుపు చూసుకోవాలిగా.

నెల్ కడుపు సంగతి విమానాల కంపెనీ చూసుకుంది. పగలంతా టిక్కెట్లు రిజర్వు చేయటం. సాయంత్రం వేడినీళ్ళు కూడా రాని అద్దె గదికి చేరుకుని, పాత తలుపు చెక్కను బల్లగా వేసుకుని కథలు రాయటం. ఇలా ఏడేళ్ళు గడిచాయి. అచ్చయిన పుస్తకం ఒక్కటి లేదు. చిన్నప్పుడు మన్రోవిల్‌లో పక్కింట్లో పెరిగిన నేస్తం ఒకడు వున్నాడు, ట్రూమన్ కపోటి అని. అతని మొదటి నవల 1948లోనే వచ్చింది, పేరూ తెచ్చింది. నేను చెబుతున్న ఆ 1956 డిసెంబరులోనే అతను తమ వూళ్ళో గడిపిన చిన్ననాటి క్రిస్మస్‌ను గురించి రాసిన కథ ఒక పత్రికలో అచ్చయింది. నేస్తం ఆ వూరి పండుగను లోకానికంతా పంచిపెడుతుంటే, యీవిడ ఆ వూరికి వెళ్ళటానికి సెలవు దొరకక టిక్కెట్లు రాస్తూ కూర్చున్నది. అసూయ కలిగిందో లేదో ఆవిడ ఎక్కడా చెప్పలేదు. నాకైతే కలిగేది.

వూరికి వెళ్ళలేదంటే, అక్కడ మాత్రం పూర్వపు పండుగ ఎక్కడుంది గనుక? 1951 వేసవిలో తల్లి పోయింది. కొద్ది వారాలు తిరక్కుండానే ఒక్కగానొక్క అన్నగారు పోయాడు. ఆ తర్వాత రాసిన వ్యాసంలో ఆవిడే ఒప్పుకున్నది, తాను బెంగపెట్టుకున్నది వూరి మీద కాదు, ఒక జ్ఞాపకం మీద అని. తాతగారి ఇంటినిండా వేలువిడిచిన వాళ్ళూ విడవనివాళ్ళూ పిల్లలు, గుమ్మాలకు కట్టిన ఆకుల తీగలు, తలుపు తీస్తే లోపలికి దూసుకొచ్చే చలిగాలి, ఆ గాలిలో వంటల వాసన, తండ్రి బొంగురుగొంతుతో తీసే కూనిరాగం. యీ తాతగారి ఇల్లు మీకూ ఒకటి వుండే వుంటుంది. ఇప్పుడు వెళితే అక్కడ తాళం కనిపిస్తుంది.

అంచేత ఏటేటా పండుగనాడు నెల్ న్యూయార్కులోనే స్నేహితుల ఇంటికి వెళ్ళేది. మైకేల్ బ్రౌన్, ఆయన భార్య జాయ్, ఇద్దరు చిన్న మగపిల్లలు. ఆయన పాటలు రాసేవాడు, సంగీత నాటకాలు కూర్చేవాడు. ఆవిడ నాట్యం నేర్చిన మనిషి. పరిచయం చేసింది కపోటియే. పాటల వాళ్ళ ఇంటి ఆర్థిక పరిస్థితి ఎలా వుంటుందో వేరే చెప్పాలా? ఒక నెల పెళ్ళివారి ఇల్లు, మరుసటి నెల అద్దెకు వెతుకులాట. అయినా వాళ్ళ భోజనాల బల్ల దగ్గర నెల్‌కు ఎప్పుడూ ఒక కుర్చీ వుండేది.

డబ్బు లేనివాళ్ళు పండుగ బహుమతులు ఎలా ఇచ్చుకోవాలి? వాళ్ళు ఒక చక్కని ఒప్పందం చేసుకున్నారు. అతి తక్కువ ఖర్చుతో అతి గొప్ప కానుక ఎవరు తెస్తారో వాళ్ళే గెలిచినట్టు. ఆ ఏడు నెల్ మైకేల్ కోసం సిడ్నీ స్మిత్ అనే పూర్వకాలపు ఇంగ్లీషు హాస్యప్రియుడైన మతగురువు బొమ్మను పట్టుకొచ్చింది. వెల ముప్ఫై అయిదు సెంట్లు. జాయ్ కోసం మార్గట్ ఆస్క్విత్ అనే ఆవిడ పుస్తకాలన్నీ సంపాదించింది. వాటికోసం ఏడాది పొడుగునా పాత పుస్తకాల కొట్లు గాలించింది. డబ్బు పెట్టలేని చోట కాలం పెట్టిందన్నమాట. యీ మాట కొంచెం గుర్తుంచుకోండి.

పండుగనాడు తెల్లవారుతూండగానే పిల్లలు ఇల్లు పీకి పందిరి వేశారు. కాగితాలు చించటం, బొమ్మలు లాగటం. పెద్దవాళ్ళ పంపకాలూ అయ్యాయి. నెల్ కుర్చీ దగ్గర మాత్రం ఏమీ లేదు. మనిషి ఎంత పెద్దదైనా, ఎన్ని పుస్తకాలు చదివినా, పండుగనాడు తన వంతు పొట్లం కనబడకపోతే గొంతులో ఏదో అడ్డుపడినట్టు వుంటుంది. పైకి నవ్వుతూనే వుంటాం. ఆ మొహం చూసి భార్యాభర్తలు, నిన్ను మరిచిపోలేదు, చెట్టు మీద చూడమన్నారు. కొమ్మల మధ్య తెల్లకవరు ఒకటి వుంది, ఆవిడ పేరుతో. లోపల కాగితం. ఒక సంవత్సరం పాటు ఉద్యోగం మానెయ్యి, నీ ఇష్టమొచ్చింది రాసుకో, ఇదే మా పండుగ కానుక అని దాని సారాంశం.

ఆవిడకు అర్థం కాలేదు. పరిహాసమనుకుంది. కాదన్నారు. ఆ యేడు మైకేల్‌కు ఒక సంగీత కార్యక్రమం రాసినందుకు మంచి ముట్టుబడి వచ్చింది. ఆ సొమ్ములోంచి ఆవిడకు ఏడాది తిండికీ అద్దెకూ సరిపడా తీసి పక్కన పెట్టారు. అచ్చవుతుందా, అమ్ముడవుతుందా అన్నది తమకు అనవసరమన్నారు. షరతులేమీ లేవన్నారు.

ఇక్కడే, పాఠకులారా, నాకు యీ కథలో అసలు ప్రాణం కనిపిస్తుంది. ఆవిడ ఎగిరి గంతెయ్యలేదు, వెంటనే పుచ్చుకోనూ లేదు. పోట్లాటకు దిగింది. మీకేమైనా మతిపోయిందా అన్నది. పారేసుకోవటానికి మీ దగ్గర అంత డబ్బెక్కడుంది అన్నది. రేపు యీ పిల్లలకు ఏ పెద్దజబ్బో చేస్తే ఏం పెట్టి వైద్యం చేయిస్తారని అడిగింది. పనివాళ్ళ ఇళ్ళలో పుట్టి పెరిగిన ఏ ఆడకూతురైనా అడిగే ప్రశ్నే అది. పుచ్చుకోవటం ఎంత కష్టమో ఇచ్చేవాళ్ళకు తెలియదు. అప్పయితే తీర్చవచ్చు, ముష్టి అయితే మొహం తిప్పుకుని పోవచ్చు, నమ్మకాన్ని ఏం చేస్తాం? ఏడాది తర్వాత ఒట్టి చేతులతో వాళ్ళ గుమ్మం ఎక్కటమెట్లా? మైకేల్, పోనీ అప్పనుకోమన్నాడు. ఇది పెద్ద జూదమని ఆవిడ మళ్ళీ అన్నది. ఆయన ఒకసారి గదినంతా కలయజూసి, కాగితాల కుప్పలో కూరుకుపోయిన పిల్లల్ని చూసి, భార్యను చూసి, ఇందులో జూదమేమీ లేదు, తప్పక గెలిచేదే అన్నట్టు నెమ్మదిగా జవాబిచ్చాడు. ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. బయట మంచు పడుతోంది. వూరి మీది ఆ పాత బెంగ తనను విడిచిపోయింది అప్పుడేనని తర్వాత రాసింది.

మన పూర్వకవులకు రాజులు అగ్రహారాలిచ్చారని గొప్పగా చెప్పుకుంటాం. ఇచ్చారు, నిజమే. కాని ఎక్కువ భాగం కావ్యం చేతికొచ్చి, కృతిభర్తగా తమ పేరు పద్యాల్లో వెలిగాక. యీ బ్రౌన్ దంపతులు పుస్తకం పుట్టకముందే, పుడుతుందో పుట్టదో తెలియకముందే ఇచ్చారు. ఇచ్చింది చూడబోతే డబ్బు కూడా కాదు, పొద్దుట పూట. రాసేవాళ్ళకు కావలసింది అదే. మన ఇళ్ళలో రచన మీద మోజున్న పిల్లవాడికి మంచి కలం కొనిపెడతాం. రాసే కోడలుంటే పదిమందిలో మెచ్చుకుంటాం గూడా. కాని మధ్యాహ్నం రెండు గంటలసేపు ఆ వంటింటి తలుపు దగ్గరికి వేసి, ఆవిణ్ణి ఎవరూ పిలవకండర్రా అనే అత్తగారు ఎంతమంది?

సరే, ఏమైందంటారా? ఆ చలికాలానికి ముందే ఆవిడ మారిస్ క్రెయిన్ అనే సాహిత్య ఏజెంటుకు తన కథలు చూపించింది. కథలకన్నా నవల అమ్మటం తేలిక, నవల రాయమన్నాడాయన. 1957 జనవరి మధ్యకల్లా యాభై పేజీల దాకా పట్టుకెళ్ళి ఇచ్చింది. తర్వాత వారం వారం మరికొన్ని. ఫిబ్రవరి ఆఖరుకు మొత్తం పూర్తి. ఏడేళ్ళలో కానిది రెండు నెలల్లో! ఐతే సినిమాలోలాగా అంతటితో శుభం పడలేదు. లిపిన్‌కాట్ అనే ప్రచురణ సంస్థలో టే హోహాఫ్ అనే సంపాదకురాలు దాన్ని చదివి, ఇందులో జీవం వుంది గాని ఇంకా నవల కాలేదన్నది. మళ్ళీ రాయాలి. మళ్ళీ మళ్ళీ రాయాలి. పెద్దదైన అమ్మాయి కథ పక్కన పెట్టి, ఆ అమ్మాయి చిన్నతనం రాయాలి. స్నేహితులిచ్చిన ఏడాది ఎప్పుడో అయిపోయింది. పని మాత్రం రెండేళ్ళకు పైన సాగింది. ఒక చలికాలపు రాత్రి విసుగెత్తి రాతప్రతి మొత్తాన్ని కిటికీలోంచి మంచులోకి విసిరేసి, ఏడుస్తూ హోహాఫ్‌కు ఫోను చేసిందనీ, వెంటనే కిందికి పోయి కాగితాలన్నీ ఏరుకు రమ్మని ఆవిడ కేకలేసిందనీ చెబుతారు. ఆ కాగితాల్లో సొంత కష్టం ఒక్కటే వుంటే ఏరుకునేదో లేదో!

1959 క్రిస్మస్‌కు నెల్ కాన్సస్ రాష్ట్రంలో గార్డెన్ సిటీ అనే పరాయి వూళ్ళో వుంది. అక్కడ జరిగిన ఒక ఘోరమైన హత్యల వ్యవహారం గురించి కపోటి రాయబోతుంటే, అతనికి సాయంగా వెళ్ళింది. వూరివాళ్ళు కపోటి వాలకం చూసి మొదట తలుపు తీయలేదు. యీవిడ పలకరింపుకు తీశారు. పండుగనాడు ఆ వూరి ప్లీడరు దంపతులు ఇద్దర్నీ భోజనానికి పిలిచారు. చిన్ననాడు పక్కపక్క ఇళ్ళలో పండుగ చేసుకున్నవాళ్ళు మళ్ళీ ఒక పంక్తిలో కూర్చున్నారు. తన నవల అప్పటికి ముగిసి అచ్చుకు సిద్ధమవుతోంది.

1960 జులైలో వచ్చిన ఆ నవలే ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’. నల్లవాడి మీద అన్యాయంగా మోపిన నేరాన్ని కాదని కోర్టులో నిలబడ్డ ఒక చిన్నవూరి ప్లీడరు కథ, ఆయన కూతురు చెప్పినది. 1961లో పులిట్జర్ బహుమతి వచ్చింది. 1962లో సినిమా అయింది. గ్రెగరీ పెక్ ఆ ప్లీడరు వేషం వేశాడు. మూడుకోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. కూతురు లా మానేసిందని చింతించిన తండ్రి ఆ పుస్తకాన్నీ, ఆ బహుమతినీ కళ్ళారా చూసి 1962 ఏప్రిల్‌లో కన్నుమూశారు. 1957లో రెండు నెలల్లో రాసిన ఆ మొదటి ప్రతి మాత్రం 2015లో గాని బయటికి రాలేదు. మరుసటి యేడే, 2016 ఫిబ్రవరిలో, ఎనభై తొమ్మిదో యేట ఆవిడ పోయింది. ఆ రెండు పుస్తకాలు తప్ప బతికుండగా వేరే నవల అచ్చువేయలేదు. సంవత్సరం ఇస్తే అందరూ రాస్తారనుకోవటం ఎంత పొరపాటో, ఒకటి రాసినవాళ్ళు రెండోది రాసి తీరాలనుకోవటమూ అంతే పొరపాటు కాబోలు.

ఇంతకీ అంకితం సంగతి. మన పద్ధతిలో ఐతే కృతిభర్తలు బ్రౌన్ దంపతులే కావాలి. కాని ఆ నవల మొదటి పేజీ తిప్పి చూడండి. తండ్రిగారికి, అక్కగారికి అంకితం. అదీ ప్లీడర్లు దానపట్టాల్లో రాసే ప్రేమాభిమానాల మాటలతో. ఇద్దరూ ప్లీడర్లే గనుక చదివి నవ్వుకునే వుంటారు. బ్రౌన్ దంపతులకు దక్కింది 1961 డిసెంబరు నాటి ‘మెక్‌కాల్స్’ పత్రికలో ఆవిడ ఆ పండుగను గురించి రాసిన చిన్న వ్యాసం. అందులో పిల్లలున్నారు, చెట్టు వుంది, కవరు వుంది, ముప్ఫై అయిదు సెంట్ల బొమ్మ కూడా వుంది. వాళ్ళ పేర్లు మాత్రం లేవు.