ముందు చక్రాల్లో చప్పుడు.. ముప్పునకు సూచన

బొల్లాపల్లి: పట్టణ అవసరాలకు వినుకొండ వెళ్లి వచ్చే మండల వాసుల కార్లలో గుంతల దెబ్బ ముందుగా తగిలేది ముందు సస్పెన్షన్‌కే. చప్పుడు రాగానే షాక్‌ అబ్జార్బర్లు మార్పించడం వృథా ఖర్చు కావచ్చు. అది ఎప్పుడు వస్తోందన్నదే కీలకం.

చిన్న గతుకులకే టకటకలాడితే స్టెబిలైజర్‌ లింక్‌ రాడ్లను, బ్రేకు వేయగానే 'టక్‌'మంటే లోయర్‌ ఆర్మ్‌ బుష్‌లను, ఆగి ఉన్న కారు స్టీరింగ్‌ తిప్పినప్పుడు కిర్రుమంటే స్ట్రట్‌ మౌంట్‌ బేరింగ్‌ను ముందుగా పరీక్షించాలి. జాకీపై లేపిన చక్రం పైనా కిందా పట్టి ఊపినప్పుడు కదిలితే బాల్‌ జాయింట్‌నో, వీల్‌ బేరింగ్‌నో అనుమానించాలి. బాల్‌ జాయింట్‌ ఊడితే చక్రం ఒరిగి కారు అదుపు తప్పుతుంది.

ఆర్మ్‌, స్ట్రట్‌ విప్పి బిగించాక వీల్‌ అలైన్‌మెంట్‌ తప్పనిసరి. గుంతలు పూడ్చకుంటే కొత్త విడిభాగాలూ త్వరగానే అరుగుతాయి. కారుతో పాటు రోడ్డుకూ మరమ్మతు జరిగితేనే సమస్య తీరుతుంది.