పేజీ చూపించి పేచీ పెట్టండి

నవల చదివిన పదిమందీ ఒకే గొంతుతో ‘అద్భుతం’ అంటే నాకు అనుమానమే. నలుగురు పొగిడి, ముగ్గురు తిట్టి, ఇద్దరు సగంలో వదిలేసి, ఒక్కరు ఎటూ తేల్చుకోలేక మళ్లీ మొదటి పేజీ తెరిచారంటే మాత్రం ఆ నవలలో ఏదో ఉందని నమ్ముతాను. తెలుగులో నవలలు రావడం లేదన్న ఫిర్యాదులో పస లేదు. మంచివే వస్తున్నాయి. వాటి గురించి కూర్చుని గట్టిగా వాదించుకునే పాఠకులకే కరువొచ్చింది.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ సంగతే చూడండి. 2019లో తానా నవలల పోటీలో రెండు లక్షల రూపాయల బహుమతి గెలుచుకుంది. 2021లో క్రిష్ దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. కరువుకాలంలో ఊళ్లో మేతా నీళ్లూ దొరక్క కాపరులు గొర్రెల మందలను నల్లమల కొండలకు తోలుకుపోవడమే కొండపొలం. ఇంజనీరింగ్ చదివి, ఉద్యోగం దొరక్క ఇంటికొచ్చిన రవి వాళ్ల వెంట అడవికి వెళ్తాడు. పులి భయం, పెద్దవాళ్ల అనుభవం అతన్ని వేరే మనిషిని చేస్తాయి.

ఈ నవల మీద ఒక చదువరుల సమావేశంలో జరిగిన వాదన నాకు బాగా గుర్తు. గొర్రెల కాపరుల ఇంట పుట్టిన ఒక ఉపాధ్యాయుడు లేచి, ‘‘మా నాయన కొండకు పోయినప్పుడు ఇంటికాడ మా యమ్మ ఎట్ల ఎదురుచూసేదో నాకు తెలుసు. ఆయన ఆడ ఏం తిన్న్యాడో, యాడ పండుకున్న్యాడో ఈ పుస్తకం చదివినాకనే తెలిసింది’’ అన్నారు. పక్క వరసలోంచి ఐటీ ఉద్యోగం చేసే ఒక అమ్మాయి అందుకుంది: ‘‘అడవి భాగం నాకూ నచ్చింది సార్. కానీ రవి గెలిచాడని చెప్పడానికి చివరికి సర్కారు ఉద్యోగమే కావాల్సొచ్చిందా? ఆ ఉద్యోగం రాకపోతే అడవి నేర్పిందంతా వృథాయేనా?’’ ఆయన నొచ్చుకోలేదు. ‘‘కరువు సీమలో పిల్లోనికి జీతం వచ్చిందంటే ఇంటిమీద వాన పడినట్టమ్మా. ఆ ముగింపు మీకు మామూలుగా కనపడొచ్చు, మాకు కాదు’’ అన్నారు. ‘‘మరి ఉద్యోగం రాని మిగతా కాపరుల పిల్లల మాటేంటి?’’ అని ఆ అమ్మాయి మళ్లీ అడిగింది. ఇద్దరూ పుస్తకం తెరిచి, ఆయన అడవిలో రాత్రుల దగ్గర వేలు పెట్టారు, ఆమె ఆఖరి పేజీల దగ్గర.

నా మటుకు నాకు ఆమె ప్రశ్నే సబబనిపించింది. అయినా ఆయన మాట విన్నాక ఆ ముగింపును సినిమా ముగింపని తీసిపారేయలేను. ఏ సమీక్షా నాకు ఇవ్వనిది ఆ పది నిమిషాల వాదన ఇచ్చింది. ఇద్దరూ పుస్తకం పూర్తిగా చదివి వచ్చారు, ఎవరి బతుకులోంచి వాళ్లు మాట్లాడారు, పుస్తకం దాటి ఒక్క మాట కూడా అనలేదు. అభిప్రాయ భేదమంటే అలా ఉండాలి.

నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘మూలింటామె’ దగ్గర తగువు ఇంకో తీరు. చిత్తూరు జిల్లా పల్లె పలుకుబడిలో సాగే నవల అది. ఆ మాటల్లోనే దాని ప్రాణమంతా ఉందనేవాళ్లు ఉన్నారు, ఆ మాటల దగ్గరే ఆగిపోయామనేవాళ్లూ ఉన్నారు. ‘నాకు అర్థం కాలేదు’ అనడం తప్పేమీ కాదు, అది పాఠకుడి అనుభవం. ‘ఇదీ ఒక భాషేనా’ అంటే మాత్రం అది అభిప్రాయం కాదు, దబాయింపు. గోదావరి, కృష్ణా, గుంటూరు జిల్లాల మాటల్లో వచ్చిన కథలనూ నవలలనూ తెలంగాణవాళ్లూ సీమవాళ్లూ తరాల తరబడి చదివారు. తెలియని మాటను పక్క వాక్యం సాయంతో పోల్చుకున్నారు. ఆ ఓపిక ఇప్పుడు అవతలి వైపు నుంచీ రావాలి. నాలుగు పేజీలు పైకి చదివితే చెవికి అలవాటవుతుంది. ఆ తర్వాత కూడా నచ్చకపోతే నచ్చలేదని నిక్షేపంగా చెప్పొచ్చు.

బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 18వ శతాబ్దపు అనంతపురం ప్రాంతం, హండే పాలకులు, పాలెగాళ్లు, వాళ్ల కింద నలిగిన కులాలు అందులో కనిపిస్తాయి. కోటగోడల బయట బతికిన జనం చరిత్ర నవలలోకి వచ్చిందని ఒకరు సంబరపడితే, ఆనాటి ఆచారాల వివరాలు ఎక్కువై కథ అక్కడక్కడా నిలబడిపోయిందని మరొకరు అంటారు. రెండూ నవల లోపలి నుంచి వచ్చిన మాటలే కాబట్టి రెండింటితోనూ మాట్లాడొచ్చు. ‘రాసిందెవరు? ఏ ఊరు? ఏ కులం? ఏ పార్టీ?’ అని ఆరా తీసి, అట్ట కూడా తిప్పకుండా తీర్పు చెప్పేవాళ్లతోనే మాట్లాడలేం.

అలాగని రచయిత పుట్టుకకూ రచనకూ సంబంధం లేదని వాదించను. 2000లో వచ్చిన జి. కల్యాణరావు ‘అంటరాని వసంతం’ దళితుల తరతరాల బతుకును లోపలి నుంచి చెప్పిన నవల. ఎవరు చెబుతున్నారన్నది అక్కడ చాలా పెద్ద విషయం. ఆ ప్రశ్న వేయాల్సిందే. నవల చదివాక వేస్తే అది విమర్శ. చదవకుండానే వేస్తే పుస్తకం తెరవకుండా తప్పించుకోవడానికి దొరికిన సాకు.

పాత రోజుల్లోనూ ఏకాభిప్రాయం లేదు. నవీన్ ‘అంపశయ్య’ 1969లో వెలువడింది. ఉస్మానియాలో చదివే ఒక విద్యార్థి జీవితంలో ఒకే ఒక్క రోజు. అతని పేరు కూడా రవే. అతని మనసులో మెదిలే ఆలోచనలే కథ. కొత్త దారి తొక్కాడని ముచ్చటపడినవాళ్లున్నారు, ఇది నవలేమిటని విసుక్కున్నవాళ్లున్నారు. చివరికి ఆ నవల పేరే రచయితకు ఇంటిపేరైంది. యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళం’ కోసం పాఠకులు వారం వారం ఎదురుచూస్తే, మూఢనమ్మకాలకు ఊపిరి పోస్తోందంటూ రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు గంజాయి దమ్ము’ అని ఏకంగా పుస్తకమే రాశారు. ఆమెతో ఏకీభవించినా, మానినా, నవలను అంత గట్టిగా పట్టించుకున్న కాలం అది.

ఇప్పుడేం జరుగుతోంది? ఆవిష్కరణ సభలో ముందుమాట మాత్రమే తిరగేసిన వక్త నవలను ప్రపంచ సాహిత్యం పక్కన కూర్చోబెట్టి శాలువా కప్పించుకుని వెళ్తాడు. మిత్రుడు సమీక్ష రాస్తే రచయిత రుణం తీర్చుకుంటాడు. కాస్త తేడాగా రాసినవాళ్లకు మర్నాడు ఫోను వస్తుంది, ఆపైన స్నేహం చెడుతుంది. జేబులో డబ్బు పెట్టి కొన్న పాఠకుడు ఇదంతా చూసి నోరు మూసుకుంటాడు. ఈ మొహమాటం నవలకు చేసే చేటు తిట్లు చెయ్యవు.

తరాల మధ్య గోడ ఒకటి. హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో కొత్త రచయితల చుట్టూ మూగే కుర్రకారును చూసి ‘అది వాట్సాప్ భాష, అది సాహిత్యమా’ అని పెదవి విరిచే పెద్దలున్నారు. ‘చివరకు మిగిలేది’ తెరవకుండానే పాతవన్నీ బోరని తేల్చేసే కుర్రవాళ్లూ ఉన్నారు. ఇద్దరిదీ ఒకే తప్పు. పెద్దలు ఒక కొత్త నవల, పిల్లలు ఒక పాత నవల చదివి ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఈ గోడ సగం కూలుతుంది.

అందుకే పాఠకులకు నా విన్నపం. మీరు ఈమధ్య చదివిన తెలుగు నవల ఏదైనా తీసుకోండి. నచ్చిన చోటు ఏ పేజీలో ఉంది, గుచ్చుకున్న చోటు ఏ పేజీలో ఉంది, ఎందుకు? ఈ మూడూ ఒక కాగితం మీద రాసి రచయితకు పంపండి. ‘బాగుంది’, ‘బాలేదు’ అన్న మాటల దగ్గర ఆగిపోకండి. రచయితలకూ ఒక మాట. అలాంటి ఉత్తరం వస్తే కోపగించుకోకుండా ఆ పేజీ తీసి మరోసారి చదవండి. పాఠకుడు చెప్పింది ఒప్పుకోనక్కర్లేదు, జవాబు మాత్రం రాయండి. మీ నవలను అంత శ్రద్ధగా చదివినవాడికి ఆ గౌరవం దక్కాలి.