అమీర్‌పేట బోర్డుల మీద లేని పాఠం

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఎటు చూసినా జావా, జీఆర్‌ఈ, వీసా కన్సల్టెన్సీ బోర్డులే. అమెరికాలో దిగాక చర్మం రంగు ఎంత పని చేస్తుందో ఏ బోర్డూ చెప్పదు.

2023 జనవరిలో సియాటెల్‌లో పోలీసు కారు ఢీకొని కర్నూలు జిల్లా విద్యార్థిని జాహ్నవి కందుల చనిపోయింది. మరో పోలీసు ఫోన్‌లో నవ్వుతూ ఆ ప్రాణానికి 11,000 డాలర్ల ఖరీదు కట్టాడు. ఆ రికార్డింగ్ సెప్టెంబర్‌లో బయటపడగానే తెలుగువాళ్లు రగిలిపోయారు. రగలాల్సిందే.

ఆమె పోయిన నెలకే, ఫిబ్రవరి 21న, అదే సియాటెల్ కులవివక్షను నిషేధించింది. అమెరికాలో ఆ పని చేసిన తొలి నగరం అదే. తీర్మానం పెట్టింది క్షమా సావంత్. దాన్ని వ్యతిరేకించడంలో ముందు నిలిచింది మాత్రం తెల్లజాతి సంఘాలు కాదు, హిందూ అమెరికన్ సంఘాలు! కాలిఫోర్నియాలో అలాంటి బిల్లే చట్టసభ దాటినా, అక్టోబర్‌లో గవర్నర్ న్యూసమ్ వీటో చేశాడు. ఉన్న చట్టాలు చాలట.

భారతీయులకు అమెరికా తలుపులు బార్లా తెరిచింది 1965 వలస చట్టం. నల్లజాతి పౌరహక్కుల పోరాటం రగిల్చిన వాతావరణంలో వచ్చిన చట్టమది. ఆ తలుపులోంచే వెళ్లి, రంగు వివక్ష మీద గొంతెత్తి, కులం మాట వస్తే ‘ఇంకా కులమెక్కడుంది’ అనేవాళ్లున్నారు.

ఎక్కడో ఎందుకు? 2019 ఏప్రిల్‌లో పంజాగుట్ట చౌరస్తాలో నిలిపిన అంబేద్కర్ విగ్రహాన్ని జీహెచ్‌ఎంసీ తొలగించింది. అది జవహర్‌నగర్ డంపింగ్ యార్డులో విరిగి తేలింది. అక్కడ మళ్లీ విగ్రహం నిలవడానికి నాలుగేళ్లు పట్టింది.