ఘనుల పేరును పాలేరు సాక్ష్యమును

1789లో అమెరికా సుప్రీం కోర్టునకు ప్రప్రథమ ప్రధాన న్యాయమూర్తియైన జాన్ జే పేరు చెప్పి, "అంతటి ఘనుడే బైబిలు చేతబట్టెను, ఇక సందేహమేల?" అని కొందరు బోధకులు చాటుదురు. ఈ వాదము నాకు సమ్మతము కాదు. సువార్త ఘనుల సాక్ష్యముమీద నిలుచునది కాదు.

ఆయన భక్తి నిజమే. విశ్వాసము నిమిత్తము ఫ్రాన్సు దేశము విడిచిన హ్యూగెనోల వంశము ఆయనది. 1821లో అమెరికా బైబిలు సొసైటీకి అధ్యక్షుడాయెను. అయితే ఆ చేతులే దాసులను కొనెను. వారి సేవవలన తగిన ప్రతిఫలము ముట్టిన పిమ్మట విడిపించుచున్నానని ఆయనే వ్రాసెను. పౌలు ఫిలేమోనుకు వ్రాసిన పత్రికలో ఈ లెక్క ఎక్కడ కలదు? ఒనేసిము అప్పును పౌలు తన లెక్కలో వేసికొనెను గదా!

"అట్లయిన ఆయన భక్తి వేషమే" అని మరికొందరందురు. అదియు తప్పే. 1785లో న్యూయార్కు దాస్య విమోచన సంఘమునకు తొలి అధ్యక్షుడు ఆయనే. 1799లో గవర్నరుగా నుండి, ఇకమీదట దాసులకు పుట్టు బిడ్డలు స్వతంత్రులనెడి చట్టముపై సంతకము చేసెను. ఆ చట్టమైనను మగవారిని 28 ఏండ్లు, ఆడువారిని 25 ఏండ్లు నిండువరకు యజమానుల కొలువులోనే యుంచెను. వేషధారి అంత చేయడు. పూర్ణ విధేయుడు అంతటితో ఆగడు.

కాబట్టి ఘనుల పేళ్లు చెప్పి అతిశయింపకుడి. మీ భక్తిని గూర్చి మీ యింటి పాలేరును అడిగి చూడుడి. ప్రభువు ఆ సాక్ష్యమును వినును.